ఆఖరి బెంచీ ఫాదర్

బెంచీ ఫాదర్‌కి తాగుడు లేదు, చుట్ట లేదు, చివరికి కోపం కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. ఎక్కడైనా ఎవరైనా ఎవరికైనా ఏదైనా నేర్పుతున్నారని తెలిస్తే చాలు, పిలిచినా పిలవకపోయినా వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంటారు. పాఠం అయ్యేదాకా కదలరు. అయ్యాక పాఠం చెప్పినవాళ్ళ దగ్గరికి వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. "ఇప్పుడు చెప్పినదాంట్లో మీకే అర్థం కానిది ఏమిటి?" ఈ ప్రశ్నతో ఇప్పటిదాకా ఎంతమందికి గుండె ఆగినంత పనైందో లెక్కలేదు.

పోనీ చదువు రాక కూర్చుంటున్నారా అంటే అదీ కాదు. ఫాదర్ల కాలేజీలో ఎడ్యుకేషన్ ప్రొఫెసరు. బడిలో పాఠాలు చెప్పబోయేవాళ్ళకి పాఠం ఎలా చెప్పాలో చెప్పీ చెప్పీ జుట్టు నెరిసిన మనిషి. అరవై ఎనిమిదేళ్ళు, ఆరడుగుల పొడుగు. బెంచీ కింద మోకాళ్ళు పట్టక పక్కకి చాపుకుంటే ఆ తెల్ల అంగీ దారికి అడ్డం పడి రోజుకొకరు తట్టుకుంటారు. ముందుకొచ్చి కూర్చోండి ఫాదర్ అంటే వినరు. "ఇక్కడైతే అందరి వీపులూ కనబడతాయమ్మా. అర్థమైనట్టు మొహం పెట్టొచ్చు గానీ వీపు పెట్టలేం" అంటారు.

ఒకసారి బండి తప్పుగా నడిపినవాళ్ళని ట్రాఫిక్ పోలీసులు పట్టుకొచ్చి రెండు గంటల క్లాసు పీకుతుంటే ఈయన కూడా వెళ్ళి వెనకాల కూర్చున్నారు. "మీరేం చేశారు ఫాదర్?" అని ఇన్‌స్పెక్టరు బిత్తరపోయి అడిగాడు. "నాకసలు బండే లేదు నాయనా. నువ్వు చెప్పు, బావుంది" అన్నారట. డ్రైవింగ్ స్కూలు మాస్టారినైతే ఆ ఒక్క ప్రశ్నా అడిగేసరికి, ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "రివర్సు ఫాదర్. ఇరవై ఏళ్ళుగా దేవుడి మీద భారం వేసి తిప్పుతున్నా" అన్నాడు. అన్నింటికన్నా ఘోరం, చర్చిలో పెళ్ళి కాబోయే జంటలకి పెట్టే క్లాసు. పన్నెండు జంటలు ముందు, ఒంటరిగా ఫాదర్ వెనకాల. కాపురం ఎలా చేసుకోవాలో చెప్పిన పెద్ద డాక్టరమ్మని చివర్లో ప్రశ్న అడిగితే, ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుని, "మా ఆయన, ఫాదర్" అంది.

ఇవన్నీ విని పడీ పడీ నవ్వినవాళ్ళలో సిస్టర్ల కాలేజీ సైకాలజీ మేడమ్ ఒకరు. ఎదుటివాళ్ళ మీదికి వచ్చినంతకాలం ఎవరికైనా నవ్వే వస్తుంది.

సిస్టర్ల కాలేజీ ఎడ్యుకేషన్ డిపార్టుమెంటంటే మూడు గదులు, ముగ్గురు లెక్చరర్లు, పంతొమ్మిదిమంది విద్యార్థులు. ఆ సోమవారం మేడమ్ బోర్డు మీద మరుపు గీత గీస్తున్నారు. పైన మొదలై ధబేలుమని కిందికి పడి, ఆ తర్వాత నెమ్మదిగా సాగే గీత అది. "చూశారా, నేర్చుకున్న మొదటి రోజే సగానికి పైగా మర్చిపోతాం. తర్వాత్తర్వాత మర్చిపోవడం నెమ్మదిస్తుంది" అంటూ వెనక్కి తిరిగారు. తిరిగి కొయ్యబారిపోయారు. ఆఖరి బెంచీలో తెల్ల అంగీ, దాని మీద చిరునవ్వు, ఆ పైన ఎత్తిన చెయ్యి.

"ఒక సందేహం మేడమ్. నా ఏడో ఏట ఒక టీచరు నన్ను దద్దమ్మా అన్నారు. ఈ గీత ప్రకారం ఆ సాయంత్రానికే సగం మర్చిపోవాలి కదా. అరవై ఏళ్ళు దాటింది, ఒక్క అక్షరం పోలేదు. ఎందుకంటారు?"

ఈ సందేహం ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తొమ్మిదేళ్ళుగా మేడమ్ దగ్గర దానికి ఒకటే జవాబుంది. ఆ కంగారులో అదే నోట్లోంచి ఊడిపడింది.

"అది పరీక్షకి రాదు, కూర్చోండి."

తనేమన్నారో, ఎవరిని అన్నారో చెవిన పడ్డాక మేడమ్‌కి చెమటలు పట్టాయి. ఫాదర్ మాత్రం "సరే మేడమ్" అని బుద్ధిగా కూర్చున్నారు. గంట కొట్టాక వచ్చి తన ప్రశ్న తను అడిగారు. ఏమీ లేదనేద్దామనుకున్నారు మేడమ్. ఆ మనిషి మొహంలో ఏముందో ఏమో, నోరు తనంతట తనే తెరుచుకుంది.

"ఆ గీతే ఫాదర్. మా టీచరు గీసింది చూసి నేను గీస్తున్నాను. ఆవిడ వాళ్ళ టీచరుని చూసి గీశారు. పొద్దున చదివిన పేజీ సాయంత్రానికి గుర్తుండదు, మా అత్తగారు పెళ్ళిలో అన్న మాట పద్దెనిమిదేళ్ళైనా పొల్లుపోకుండా గుర్తుంది. ఎందుకో నాకు తెలీదు. తెలీకుండానే చెప్పేస్తున్నాను."

"అవునా!" అన్నారు ఫాదర్, కళ్ళు ఇంతలు చేసుకుని. జేబులోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి రాసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయారు.

బుధవారం నెత్తిన పిడుగు పడింది. ప్రిన్సిపాల్ సిస్టర్ గదిలోకి పిలిచి చేతిలో ఉత్తరం పెట్టారు. నాలుగు కాథలిక్ కాలేజీలూ కలిసి పెట్టుకున్న సహకార మండలి పంపిన ఉత్తరమది. నలుగురూ ఒకే చదువు చెప్పడానికి నాలుగు డిపార్టుమెంట్లు దండగ కనుక, వచ్చే ఏడు నుంచి ఒకదాన్ని మూసేస్తారట. నాలుగింటినీ స్వయంగా చూసి మండలికి నివేదిక ఇచ్చేది బెంచీ ఫాదర్ అట.

"ఆ దేవుడి దయవల్ల మన దగ్గరికి ఇంకా రాలేదు. వచ్చేలోపు గోడలకి సున్నమన్నా వేయిద్దాం" అన్నారు సిస్టర్.

"వచ్చారు సిస్టర్."

"ఎప్పుడు?"

"మొన్న సోమవారం. నా క్లాసుకే."

"ప్రశ్న అడిగారా?"

"అడిగారు."

"నువ్వేం చెప్పావ్?"

మేడమ్ చెప్పారు. సిబ్బంది ఎదుట ఎప్పుడూ కుర్చీలో వాలని ప్రిన్సిపాల్ సిస్టర్ ఒక్కసారిగా కూలబడ్డారు. "ఓ నా దేవా" అని నుదురు పట్టుకుని, "అర్థం కానిది లేదు ఫాదర్ అని నాలుగు మాటలు అనలేకపోయావా తల్లీ! రాసుకున్నారా?" అన్నారు.

"పెన్నుతో."

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు బఠానీలు ఒలుస్తున్నారు. ఆవిడా ఒకప్పుడు చిన్నపిల్లల బడిలో టీచరే. కోడలి మొహం చూసి, "ఏమిటే ఆ వాలకం? ఎవరు పోయారు?" అన్నారు.

"నా ఉద్యోగం పోతుందేమో అత్తయ్యా." మేడమ్ భర్త పనిచేసే ప్రెస్సు మూతపడి ఏడాదైంది. ప్రస్తుతానికి ఇల్లు నడిచేది మేడమ్ జీతం మీదే. సంగతంతా విని అత్తగారు బఠానీల గిన్నె దూరంగా జరిపారు.

"ఉద్యోగంలో ఉండి నిజం చెప్పేస్తారుటే ఎవరన్నా!"

"నోరు జారింది."

"పెళ్ళిలో నేనన్న మాట కూడా ఎత్తావా?"

"ఏ మాటన్నది చెప్పలేదులెండి."

"నాకూ గుర్తే. పిల్ల చదువుకుంది సరే, నోట్లోంచి మాట బయటికొస్తుందా అన్నాను." అత్తగారు నిట్టూర్చారు. "పద్దెనిమిదేళ్ళకి వచ్చింది. అదీ వెళ్ళి వెళ్ళి ఆయన దగ్గర!"

మర్నాడే మేడమ్ ఫాదర్ల కాలేజీకి పరుగెత్తారు, ఆ మాట ఎలాగైనా కొట్టించెయ్యాలని. గదిలో లేరు. కుట్టు క్లాసులో ఉన్నారన్నారు. వెళ్ళి చూస్తే ఇరవైమంది ఆడవాళ్ళు మిషన్ల ముందు, ఆఖరి మిషను ముందు ఫాదర్, చేతిలో సూదీ దారం. మేడమ్ పక్కనే చేరి, "ఫాదర్, మీకు దండం పెడతాను, సోమవారం నేనన్నది కొట్టేయండి" అని గొణిగారు.

"ష్. కాజాలు చెబుతున్నారు."

"అది కాదు ఫాదర్..."

"ఈ దారం చివర ఎటు పోవాలమ్మా?"

మేడమ్ గతిలేక దారం సరిచేసిపెట్టారు. పనిలో పనిగా రెండు కాజాలు కూడా కుట్టిపెట్టారు. కొట్టేస్తారన్న ఆశ మాత్రం వదులుకుని, ఏడుపు దిగమింగుకుని ఇంటికి వచ్చారు.

ఇక్కడ ఆ సహకార మండలి సంగతి కాస్త చెప్పుకోవాలి. ఫాదర్లది ఒక కాలేజీ, సిస్టర్లది ఒకటి, బ్రదర్లది ఒకటి, కొండమీద బిషప్పుగారిది ఒకటి. నలుగురూ ఒకే దేవుణ్ణి నమ్ముతారు, ఒకరినొకరు మాత్రం నమ్మరు. పదకొండేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు కలుస్తున్నారు. కలిసినప్పుడల్లా ఎవరి కాలేజీ గొప్పలు వాళ్ళు రంగురంగుల కాగితాల మీద అచ్చువేయించి బల్ల మీద పెడతారు. మా దగ్గర ఫలానా ఉంది అని ఒకరంటే, మా దగ్గరా ఉంది అని ముగ్గురంటారు. అన్నీ ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఏం అడుగుతారు, ఏం ఇస్తారు? టీ తాగి, గ్రూపు ఫొటో దిగి, వచ్చే సమావేశం తేదీ రాసుకుని వెళ్ళిపోతారు. అంత చదువుకున్నవాళ్ళు పదకొండేళ్ళు అదే చేశారంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఫొటోలున్నాయి.

మూడు వారాల తర్వాత మండలి కూర్చుంది. ఈసారి లెక్చరర్లందర్నీ రమ్మన్నారు. పొడవాటి గది, పొడవాటి బల్ల, నాలుగు గుట్టల రంగు కాగితాలు. ప్రిన్సిపాల్ సిస్టర్ చేతిలో జపమాల గిరగిరా తిరుగుతోంది. బెంచీ ఫాదర్‌కి అధ్యక్షుడి పక్కన కుర్చీ వేస్తే, ఆయన దాన్ని మోసుకెళ్ళి తలుపు దగ్గర చిట్టచివర వేసుకున్నారు.

"నివేదిక చదవండి" అన్నారు అధ్యక్ష ఫాదర్.

బెంచీ ఫాదర్ లేచి నీలం అట్ట పుస్తకం తెరిచారు.

"ఒకటి. ఒకరు పద్నాలుగేళ్ళుగా స్టాటిస్టిక్సు చెబుతున్నారు. స్టాండర్డ్ డీవియేషన్ నిద్రలో లేపినా కట్టగలరు. కట్టాక వచ్చిన అంకె ఏం చెబుతోందో తెలీదు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రెండు. ఒకరు పాఠానికి ముందు పథకం రాసుకోవాలని వందలమందికి నేర్పారు. తను రాసుకున్న రోజున మాత్రం పాఠం చెడిపోతుంది. ఎందుకో తెలీదు. మూడు. ఒకరు తొమ్మిదేళ్ళుగా మరుపు గీత గీస్తున్నారు..."

ప్రిన్సిపాల్ సిస్టర్ జపమాల ఆగింది. మేడమ్ బల్ల అంచు పట్టుకున్నారు.

అలా చివరిదాకా చదివి, "మొత్తం నలభై మూడున్నాయి. అందులో పదకొండు నావే" అని పుస్తకం మూశారు ఫాదర్.

అధ్యక్ష ఫాదర్ కుర్చీలో ముందుకి జరిగారు. "ఇదా నివేదిక! వీళ్ళ పేర్లేవి?"

"రాయలేదు."

"ఏ కాలేజీవాళ్ళో అదన్నా చెప్పండి."

"అదీ రాయలేదు."

"మరి దేన్ని మూయాలండీ?"

"అది నాకు అర్థం కాని పన్నెండోది. ఇప్పుడే రాసుకుంటాను" అని ఫాదర్ నిజంగానే పెన్ను తీశారు.

అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. "పరిహాసానికి కూర్చోలేదిక్కడ! మీరు చెప్పకపోతే చిన్నదాన్ని మూసేస్తాం. పంతొమ్మిదిమందికి ఒక డిపార్టుమెంటెందుకు? సిస్టర్లది మూసేద్దాం. రాసుకోండి."

ప్రిన్సిపాల్ సిస్టర్ కళ్ళు మూసుకున్నారు. సైకాలజీ మేడమ్ అప్పుడు లేచి నిలబడ్డారు. తనే లేచానని ఆవిడకి కూడా నిలబడ్డాకే తెలిసింది. పద్దెనిమిదేళ్ళు దాచుకున్న నోరు మరోసారి తెరుచుకుంది.

"ఆ మూడోది నాదండీ. మరుపు గీత. ఎలాగూ మమ్మల్నే మూసేస్తున్నారు కదా, పోయేముందు దాని జవాబన్నా తెలుసుకుని పోతాను. ఇంతమంది ఉన్నారు, మీలో ఎవరికైనా తెలుసా?"

అందరూ నోళ్ళు తెరిచారు. ఆ గదిలో ఒకరు ఇంకొకర్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి మరి! అప్పుడు బల్లకి ఆ కొసన ఒక గొంతు వినిపించింది.

"నాకు తెలుసు."

అందరి తలలూ అటు తిరిగాయి. బ్రదర్ల కాలేజీ బట్టతల సారు! పదకొండేళ్ళలో ఆయన ఈ గదిలో టీలో చక్కెర చాలదన్న మాట తప్ప ఇంకో మాట అన్న దాఖలా లేదు. చెవులదాకా ఎర్రబడి లేచారు.

"గురువారం మా కాలేజీకి రండమ్మా, చెబుతాను. కానీ ఆ రెండోది నాదే. పథకం రాస్తే పాఠం ఎందుకు చెడుతుందో మీకేమైనా..."

"ఓస్, అదా!" అన్నారు మేడమ్, ఎక్కడున్నారో మర్చిపోయి. "పిల్లలు ఇలాగే అడుగుతారని మనం ముందే రాసేసుకుంటాం సార్. వాళ్ళు ఇంకోలా అడిగితే కాగితం వైపు చూస్తాం, వాళ్ళ వైపు చూడం. నేనైతే పక్కన సగం పేజీ ఖాళీ వదులుతాను, వాళ్ళు అడిగేవి రాసుకోవడానికి."

బట్టతల సారు నెమ్మదిగా కూర్చున్నారు. "ముప్ఫై ఏళ్ళు" అని మెల్లిగా అన్నారు. "ముప్ఫై ఏళ్ళు నిండా రాశానమ్మా."

ఇంతలో కొండమీద కాలేజీ నుంచి వచ్చినావిడ కొంగుతో మొహం తుడుచుకుని, స్టాండర్డ్ డీవియేషన్ నాది అంది. "అయ్యో, అరగంట పని, ఇలా రా తల్లీ" అని ప్రిన్సిపాల్ సిస్టర్ జపమాల పక్కన పెట్టి, సిస్టర్ల కాలేజీ గొప్పలు అచ్చువేసిన రంగు కాగితం తిరగేసి, వెనకవైపు లెక్క మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎవరు ఎవరి నంబరు అడుగుతున్నారో, ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలీకుండా పోయింది. నాలుగోది నాది, ఆరోది మీరెవరన్నా చెప్పగలరా అంటూ గది సంతలా తయారైంది. అధ్యక్ష ఫాదర్ బల్ల గుద్దారు. ఎవరూ వినలేదు. మళ్ళీ గుద్దారు.

"ఏమండీ! మూసివేత సంగతి?"

"సిస్టర్లది మూస్తే నేనెక్కడికి పోను?" అని గట్టిగా అరిచారు బట్టతల సారు. టీలో చక్కెర గురించి కూడా ఆయన అంత గట్టిగా అడగలేదు. "ఇంకా ఎనిమిది సందేహాలున్నాయి నాకు!"

అధ్యక్ష ఫాదర్ కూర్చుండిపోయారు. గదినంతా అటు నుంచి ఇటు ఒకసారి చూశారు. తర్వాత బెంచీ ఫాదర్‌ని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడదనుకుని అందరికీ వినపడేలా అన్నారు.

"నాదొకటి రాసుకోండి. పదకొండేళ్ళుగా ఈ సహకార మండలికి అధ్యక్షత వహిస్తున్నాను. సహకారం అంటే ఏం చెయ్యాలో ఇవాళ్టిదాకా నాకు అర్థం కాలేదు."

"నలభై ఐదు" అని రాసుకున్నారు ఫాదర్. మూసివేత మాట ఆరోజు మినిట్సులోకి ఎక్కలేదు. ఫొటో దిగడం కూడా అందరూ మర్చిపోయారు.

గురువారం మేడమ్ రెండు బస్సులు మారి బ్రదర్ల కాలేజీకి వెళ్ళారు. బట్టతల సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోర్డు ముందే తుడిచిపెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మేడమ్ పెళ్ళినాటి అత్తగారి మాట సంగతి చెప్పగానే, ఆ గీతను కనిపెట్టిన పండితుడు తనమీద తనే ప్రయోగం చేసుకున్నాడని, అందుకు అర్థం పర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టాడని చెప్పారు. "అర్థంలేనిది అంత వేగంగా పోతుందమ్మా. మనసుకి తగిలింది, మళ్ళీ మళ్ళీ తలుచుకున్నది అలా పోదు. మీ అత్తగారి మాటని మీరు పద్దెనిమిదేళ్ళుగా రోజూ రివిజన్ చేస్తున్నారు." మేడమ్ పకపకా నవ్వారు. తొమ్మిదేళ్ళ బరువు దిగిపోయింది.

"ఇంత బాగా చెబుతారు, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం సార్?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నారాయన. లైబ్రరీ నుంచి పలచటి పాత పుస్తకం ఒకటి తెచ్చి, తనకీ ఇందులోంచే తెలిసిందని చెప్పి ఇచ్చారు.

బస్సులో మేడమ్ అట్ట తిప్పారు. వెనక రచయిత ఫొటో. నల్లని జుట్టు, పొడుగు మెడ, కళ్ళు ఇంతలు చేసుకుని ఒక నవ్వు. పేరు చూశారు. మళ్ళీ చూశారు. మరుపు మీద నలభై ఏళ్ళ కిందట ఆ పుస్తకం రాసింది సాక్షాత్తూ బెంచీ ఫాదరే. ఆ అదురుకి దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాయి.

మర్నాడు పొద్దున్నే క్లాసుకి వెళ్తే ఇంకా విద్యార్థులెవరూ రాలేదు గానీ, ఆఖరి బెంచీ మాత్రం నిండి ఉంది. మేడమ్ తిన్నగా వెళ్ళి పుస్తకం ఆయన ముందు ఠపీమని పెట్టారు.

"మీకు తెలుసు!"

ఫాదర్ తన ఫొటోని ముచ్చటగా చూసుకున్నారు. "ఒకప్పుడు తెలుసమ్మా. మర్చిపోయాను."

"ఫాదర్! అంగీ వేసుకుని అబద్ధాలా?"

"నేనేమన్నాను? 'అవునా' అన్నాను. అది అబద్ధమెలా అవుతుంది?"

"ఆరోజే రెండు ముక్కలు చెప్పేస్తే మీ సొమ్మేం పోయేది? మూడు వారాలు అన్నం సయించలేదు నాకు, తెలుసా?"

ఫాదర్ మొహంలో నవ్వు తగ్గింది. "అది నా తప్పే. క్షమించమ్మా. కానీ నేను చెప్పేస్తే నీకు జవాబొక్కటే దొరికేది. రెండు బస్సులు మారి ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తావు? ఆ మహానుభావుడికి ఎంత తెలుసో! అడిగే దిక్కు లేక నోరు మూసుకుని టీ తాగి పోతున్నాడు పదకొండేళ్ళుగా. నిన్న రాత్రి నాకు ఫోను చేసి గంటసేపు నీ గురించే చెప్పాడు."

మేడమ్‌కి కోపం ఎక్కడికి పోయిందో తెలీలేదు. అయినా బెట్టు చేసి, "అయితే మీ పదకొండూ కూడా ఇలాంటివేనన్నమాట. అందరికోసం ఆడిన నాటకం" అన్నారు.

"అయ్యో, అవి మాత్రం నిజమేనమ్మా!" ఫాదర్ గాభరాగా నోటుబుక్కు తీసి పేజీ తిప్పారు. "ఇదిగో, ఈ ఎనిమిదోది నీకు తెలుసేమోనని పొద్దున్నే వచ్చాను. నాకు నలభై ఏళ్ళుగా కొరకరాని కొయ్య."

మేడమ్ చదివారు. తప్పు జవాబు చెప్పి సిగ్గుపడిన పిల్ల మళ్ళీ చెయ్యెత్తాలంటే టీచరు ఏం చెయ్యాలి, అని ఉంది.

ఆవిడ కాగితం వైపు చూశారు, ఆయన వైపు చూశారు. కళ్ళు ఇంతలు చేసుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, నిజంగానే ఎదురుచూస్తున్నారాయన.

"మోకాళ్ళు లోపలికి పెట్టుకోండి ఫాదర్, పిల్లలు తట్టుకుంటారు" అని మేడమ్ సుద్దముక్క అందుకున్నారు. "చెబుతాను, వినండి."